మెర్స్: మరణాల లెక్క తేలేదెలా? మందు తేలేదెలా?

2025 మార్చి 1 నుంచి ఏప్రిల్ 21 వరకు సౌదీ అరేబియాలో తొమ్మిది మందికి మెర్స్ వ్యాధి సోకిందనీ, వారిలో ఇద్దరు మరణించారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ తొమ్మిది మందిలో ఏడుగురు రియాద్ నగరంలో బయటపడ్డారు. ఆ ఏడుగురిలో ఆరుగురు ఆస్పత్రి సిబ్బంది. ఒకే ఒక్క రోగికి సేవ చేస్తూ వారు ఆ జబ్బు అంటించుకున్నారు. అయితే ఈ ఆరుగురిలో ఎవరికీ ప్రాణం మీదకు రాలేదు. కొందరికైతే అసలు లక్షణాలే కనిపించలేదు. పరీక్ష చేశారు గనుక తెలిసింది. చేయకపోతే వారు లెక్కలోకే వచ్చేవారు కారు.

హజ్‌కో ఉమ్రాకో వెళ్లివచ్చిన పెద్దలు లేని ముస్లిం బంధువర్గం మన రెండు రాష్ట్రాల్లో అరుదు. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి ఆస్పత్రుల్లో నేల తుడిచేవారు, ఎడారిలో గొర్రెలూ ఒంటెలూ కాసేవారు ఎందరో ఉన్నారు. రియాద్ ఆస్పత్రిలో జరిగిన సంగతి మనకు దూరపు సంగతి కాదు. ఇలాంటి వార్త చెవిన పడగానే ప్రతి ఇంట్లోనూ రెండే ప్రశ్నలు పుడతాయి. సోకితే బతుకుతారా? దానికి మందు ఉందా? జబ్బు బయటపడి పన్నెండేళ్లు దాటినా ఈ రెండింటికీ ఒక్క మాటలో జవాబు చెప్పగల వైద్యుడు లేడు. ఎందుకు లేడో మనం తెలుసుకోవలసి ఉంది. ఆ రెండు ప్రశ్నలూ ఒకదానికొకటి ముడిపడినవి. మందు లేకుండానే ఎందరు బతుకుతారో తెలియని జబ్బులో ఏ మందు ఎవరిని బతికించిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

నూటికి 36 అన్న అంకె

2012 జూన్‌లో జిద్దాలోని ఒక ఆస్పత్రిలో అరవై ఏళ్ల వ్యక్తి న్యుమోనియాతో చేరాడు. ఊపిరితిత్తులతో పాటు మూత్రపిండాలు కూడా పాడై మరణించాడు. ఆయన కఫంలో అంతవరకు ఎవరూ ఎరుగని వైరస్ ఉన్నదని అక్కడ పనిచేస్తున్న ఈజిప్టు శాస్త్రవేత్త డాక్టర్ అలీ ముహమ్మద్ జకీ గుర్తించారు. నమూనాను నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌కు పంపి పరీక్షింపజేశారు. అది కరోనా జాతికి చెందిన కొత్త వైరస్ అని తేలింది. సెప్టెంబరులో ఆయన ఆ సంగతిని ప్రపంచ వైద్యులందరికీ తెలియజేశారు. ఆ తర్వాత ఆయన సౌదీలోని ఉద్యోగం పోగొట్టుకుని స్వదేశానికి తిరిగి వెళ్లవలసి వచ్చింది. కొత్త జబ్బు సంగతి బయటపెట్టినవారికి దక్కిన గౌరవం అది!

అప్పటి నుంచి నేటి వరకు 27 దేశాలలో 2,600కు పైగా కేసులు నిర్ధారణ అయ్యాయి. 940 మందికి పైగా మరణించారు. అత్యధిక భాగం సౌదీలోనే. ఆ 27 దేశాల జాబితాలో భారతదేశం లేదు, అల్‌హందులిల్లాహ్. చచ్చిపోయినవారి సంఖ్యను సోకినవారి సంఖ్యతో భాగిస్తే నూటికి 36 వస్తుంది. మెర్స్ గురించి ఏ వార్త వచ్చినా ఈ అంకె తప్పక ఉంటుంది. ఇది విని బెదిరిపోయి ఉమ్రా ప్రయాణం మానుకునేవారూ ఉంటారు.

కానీ ఆ 2,600 మంది ఎవరు? పరీక్ష జరిగినవారు. తొలి రోజుల్లో పరీక్ష ఎవరికి జరిగింది? ఊపిరాడక ఆస్పత్రిలో పడినవారికి. రెండు రోజులు దగ్గి, ఇంట్లోనే కషాయం తాగి లేచి తిరిగినవాడికి పరీక్ష ఎవరు చేస్తారు? అందువల్ల లెక్కలో ముందుగా పడేది ముదిరిన రోగులే. తేలికగా బయటపడినవారు లెక్కకు అందరు. కొత్త జబ్బు వచ్చిన ప్రతిసారీ మొదట వినిపించే మరణాల శాతం భయంకరంగా ఉండడానికి ఒక ముఖ్య కారణం ఇదే. దీనికి ఎదురు కారణం కూడా ఉంది. ఈరోజు ఐసీయూలో ఉన్నవాడు ఇంకా బతికే ఉన్నాడు కాబట్టి మరణాలలో చేరడు. నెల తర్వాత చేరవచ్చు. ఒక తప్పు అంకెను పైకి లాగుతుంది, ఇంకొకటి కిందికి లాగుతుంది. రెండూ సమానంగా లాగుతాయన్న హామీ ఏమీ లేదు.

ఇది వట్టి మాటగా చెప్పడం లేదు. 2014 వసంతంలో జిద్దా ఆస్పత్రులలో మెర్స్ విజృంభించింది. ఏప్రిల్ 21న అక్కడి ఆరోగ్య మంత్రి అబ్దుల్లా అల్ రబీఆను పదవి నుంచి తప్పించారు. జూన్ తొలి వారంలో ఆ శాఖ పాత రికార్డులన్నీ తిరగేసి కొత్త లెక్క ప్రకటించింది. అంతవరకు 575 కేసులు, 190 మరణాలు అన్నది కాస్తా 688 కేసులు, 282 మరణాలు అయింది. అంటే 113 మంది రోగులు, 92 మరణాలు అంతకుముందు లెక్కలో లేవన్నమాట. నూటికి 33 అన్న అంకె ఒక్క రోజులో 41 అయి కూర్చుంది. వైరస్ మారలేదు. కాగితం మారింది. ఆ 92 మంది ఇళ్లలో ఏడుపులు అంతకుముందే జరిగిపోయాయి.

మరుసటి ఏడాది ఇదే వైరస్ దక్షిణ కొరియాకు పాకింది. గల్ఫ్ దేశాలు తిరిగివచ్చిన ఒక వ్యాపారి ద్వారా మొదలై మొత్తం 186 మందికి సోకగా 38 మంది మరణించారు. నూటికి 20. ఒకే జబ్బు సౌదీలో 40 దాకా పోయి, కొరియాలో 20 దగ్గర ఆగిందంటే కొరియా వైద్యం అంత గొప్పదా? కొంత కావచ్చు. అయితే అక్కడి అధికారులు రోగి పక్కన కూర్చున్నవాడినీ, వార్డులో పరామర్శకు వచ్చినవాడినీ వెతికి వెతికి పరీక్షలు చేశారు. తేలిక జబ్బువారూ లెక్కలో చేరారు. భాగించే అంకె పెరిగితే శాతం తగ్గుతుంది. ఇది ఎనిమిదో తరగతి పిల్లవాడికీ తెలిసిన గణితం. కానీ భయపడినప్పుడు పెద్దవాళ్లం కూడా మరచిపోతాం.

2012 డిసెంబరు నుంచి 2013 డిసెంబరు వరకు సౌదీలో 10,009 మంది రక్త నమూనాలను పరీక్షించారు. ఆ ఫలితం 2015లో ప్రచురితమైంది. ఎన్నడూ మెర్స్ రోగులుగా నమోదు కాని 15 మంది రక్తంలో ఆ వైరస్‌ను ఎదుర్కొన్న ఆనవాళ్లు దొరికాయి. దాన్ని దేశ జనాభాకు వర్తింపజేస్తే దాదాపు 45 వేల మందికి తెలియకుండానే సోకి ఉండవచ్చని ఆ శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. ఆ అంచనా కూడా 27 వేల నుంచి 72 వేల దాకా ఎక్కడైనా ఉండవచ్చునని వారే చెప్పారు. మరణాలను ఈ 45 వేలతో భాగించి నూటికి ఒకటి కూడా లేదని సంబరపడడమూ తప్పే. లెక్కకు రాని రోగులు ఉన్నట్టే లెక్కకు రాని మరణాలూ ఉండి ఉంటాయి.

ఆ పరిశోధనలో మనవాళ్లకు సంబంధించిన ముక్క ఒకటి ఉంది. ఒంటెల కాపరులలో 87 మందిని పరీక్షిస్తే ఇద్దరికి, కబేళాల్లో పనిచేసేవారిలో 140 మందిని పరీక్షిస్తే ఐదుగురికి ఆ ఆనవాళ్లు కనిపించాయి. మామూలు జనంతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. ఈ వైరస్‌కు ఒంటెలే నిలయమని ఇప్పుడు రుజువైంది. ఒంటెల కొట్టంలో పడుకునే పరదేశి కార్మికుడికి జ్వరం వస్తే యజమాని ఆస్పత్రికి తీసుకుపోతాడా? పరీక్ష చేయిస్తాడా? ఆ కార్మికుడు మరణిస్తే కాగితం మీద ఏ కారణం రాస్తారు? గల్ఫ్ నుంచి శవపేటికలు అందుకున్న కుటుంబాలకు ఆ కాగితాల మీద ఎంత విషయం ఉంటుందో మనం చెప్పనవసరం లేదు.

కాబట్టి నూటికి 36 అన్న అంకె అబద్ధం కాదు. అది పరీక్ష జరిగి నిర్ధారణ అయినవారి లెక్క మాత్రమే. షుగరూ మూత్రపిండాల జబ్బూ ఉండి వెంటిలేటర్ మీదకు వెళ్లిన డెబ్బై ఏళ్ల హాజీ సాహెబ్‌కు ముప్పు అంతకంటె చాలా ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల నర్సుకు చాలా తక్కువ. ఇద్దరికీ ఒకే అంకె చెప్పడం ఇద్దరినీ తప్పుదారి పట్టించడమే.

కోతులకు కుదిరింది, మనుషులకు కుదరలేదు

ఇక మందు సంగతి. 2013లో అమెరికా శాస్త్రవేత్తలు కోతులకు ఈ వైరస్ ఎక్కించి, రిబావిరిన్, ఇంటర్‌ఫెరాన్ అనే రెండు మందులు కలిపి ఇచ్చారు. మందు ఇచ్చిన కోతులకు జబ్బు ముదరలేదు. శుభవార్త అనే చెప్పాలి. ఆ రెండు మందులూ కొత్తవి కావు. కాలేయానికి వచ్చే హెపటైటిస్ సి జబ్బుకు చాలాకాలంగా వాడుతున్నవే, మందుల దుకాణాల్లో ఉన్నవే. అయితే ఒక చిన్న సంగతి. కోతులకు వైరస్ ఎక్కించిన 8 గంటలకే మందు మొదలుపెట్టారు. మనిషికి వైరస్ సోకిన 8 గంటలకు తనకు సోకిందన్న సంగతే తెలియదు. దగ్గు మొదలై, ఆయాసం వచ్చి, ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి మారి, పరీక్ష ఫలితం వచ్చేసరికి వారం పది రోజులు గడచిపోతాయి. సౌదీలోనే ఐదుగురు రోగులకు ఈ మందులు ఇచ్చి చూశారు. ఐదుగురూ మరణించారు. వారికి మందు మొదలైంది ఆస్పత్రిలో చేరిన చాలా రోజుల తర్వాత. మందు పనిచేయలేదా, ఆలస్యం వల్ల పనిచేయలేదా? ఐదుగురిని చూసి ఏం చెప్పగలం?

2014లో రియాద్ వైద్యులు 44 మంది రోగుల వివరాలు ప్రచురించారు. 20 మందికి ఈ మందులు ఇచ్చారు, 24 మందికి ఇవ్వలేదు. 14 రోజుల నాటికి మందు తీసుకున్నవారిలో 14 మంది బతికి ఉన్నారు, తీసుకోనివారిలో ఏడుగురే మిగిలారు. నూటికి 70, నూటికి 29. ఇక్కడితో చదవడం ఆపేస్తే మందు దొరికిందని చాటింపు వేయవచ్చు. కానీ ఆ వైద్యులు నిజాయితీపరులు. 28 రోజుల లెక్క కూడా ఇచ్చారు. మందు తీసుకున్న 20 మందిలో ఆనాటికి మిగిలింది ఆరుగురు. తీసుకోని 24 మందిలో నలుగురు. ఆ కాస్త తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. అంటే మందు ప్రాణం నిలిపిందా, మరణాన్ని రెండు వారాలు వాయిదా వేసిందా, అదీ కాక మందు పడ్డవారు మొదటి నుంచే కొంచెం గట్టివారా అన్నది తేలలేదు.

తేలకపోయినా మందు వాడకం మాత్రం ఆగలేదు. ఆగదు కూడా. ఐసీయూ బయట కూర్చున్న కొడుకు డాక్టరు చేతులు పట్టుకుని ఏదో ఒకటి చేయమంటాడు. డాక్టరుకూ ఊరకే చూస్తూ కూర్చోవడం చేతకాదు. సౌదీలోని 14 ఆస్పత్రులలో ప్రాణాపాయ స్థితిలో ఉన్న 349 మంది మెర్స్ రోగుల రికార్డులను తర్వాత పరిశీలిస్తే 144 మందికి ఈ మందులు ఇచ్చినట్టు తేలింది. అంటే ప్రతి పదిమందిలో నలుగురికి. మందు తీసుకున్నవారిలో 90 రోజుల్లో నూటికి 73 మందికి పైగా, తీసుకోనివారిలో 61 మందికి పైగా మరణించారు. మందే చంపిందా? అలా అనడానికీ లేదు. మరీ విషమించినవారికే వైద్యులు మందు ఇస్తారు కదా. ఆ తేడాలన్నీ సవరించి చూస్తే, మందు వల్ల లాభం కనబడలేదు. 2018లో వెలువడిన మరో అధ్యయనం 309 మందిలో స్టెరాయిడ్ల వాడకాన్ని పరిశీలించింది. మరణాలు తగ్గలేదు సరికదా, శరీరం నుంచి వైరస్ తొలగిపోవడం ఆలస్యమైంది. మరి కొన్నేళ్లపాటు వందలాది రోగులకు ఈ మందులు ఇచ్చి మనం నేర్చుకున్నదేమిటి? ఇచ్చినప్పుడే సరిగా పోల్చి చూసి ఉంటే నాలుగేళ్ల ముందే తెలిసేది.

చివరకు సరైన పరీక్ష 2016 నవంబరులో మొదలైంది. రియాద్‌కు చెందిన డాక్టర్ యాసీన్ అరబీ నాయకత్వంలో తొమ్మిది ఆస్పత్రులు కలిసి దాన్ని నడిపాయి. ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి మందు అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. డాక్టరు ఇష్టం లేదు, రోగి పలుకుబడి లేదు. ఎయిడ్స్‌కు వాడే లోపినావిర్–రిటోనావిర్ మాత్రలతో మరో రకం ఇంటర్‌ఫెరాన్ కలిపి ఇచ్చారు. 2020 ఏప్రిల్ దాకా సాగిన ఆ పరీక్షలో చేరినవారు మొత్తం 95 మంది. మందు పడ్డ 43 మందిలో 12 మంది, పడని 52 మందిలో 23 మంది 90 రోజుల్లోపు మరణించారు. నూటికి 28, నూటికి 44. లక్షణాలు మొదలైన ఏడు రోజుల్లోపు మందు మొదలుపెట్టినవారికే ఎక్కువ లాభం కనిపించింది.

తొమ్మిది ఆస్పత్రులు, మూడేళ్లకు పైగా కాలం, 95 మంది రోగులు. మెర్స్ మందుల మీద మనకు ఉన్న గట్టి సాక్ష్యం ఇంతే. ఇది 95 మంది మీద నిలిచిన ఫలితం కనుక ఇదే అంతిమ తీర్పు అనడానికి వీలులేదు. మెర్స్‌కు ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు గానీ టీకా గానీ నేటికీ లేదు.

ఇక్కడే చెప్పుకోవలసిన విశేషం ఒకటి ఉంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు బ్రిటన్ ఇలాంటి చీటీల పద్ధతినే దేశమంతటి ఆస్పత్రులలో ఒకేసారి పెట్టింది. వేలమంది రోగులు చేరారు. నాలుగు నెలలు కాకముందే మూడు జవాబులు వచ్చాయి. మెర్స్‌లో ఆశ పుట్టించిన లోపినావిర్–రిటోనావిర్ కోవిడ్‌లో పనిచేయలేదు. మెర్స్‌లో లాభం చూపని స్టెరాయిడ్, అదే డెక్సామెథాసోన్, కోవిడ్‌లో వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను మూడో వంతు తగ్గించింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ సంగతి మూడోది, దాన్ని తర్వాత చెప్పుకుందాం. రెండూ కరోనా వైరస్‌లే, దాయాదులే. ఒకదానికి సరిపడింది ఇంకోదానికి సరిపడలేదు. ‘దానికి పనిచేసింది కదా, దీనికీ వేద్దాం’ అనేవారికి ఇంతకంటె జవాబు అక్కరలేదు.

రాజీ నుంచి జిద్దా తీర్మానం దాకా

కొందరు ధార్మికుల మనసులో ఒక సందేహం ఉంటుంది. రోగికి చీటీ తీసి మందు ఇవ్వడమేమిటి, ఇది మనిషి ప్రాణంతో ఆట కాదా అని. సందేహం సహజమే. జవాబు కోసం పడమటికి పోనవసరం లేదు. క్రీ.శ. 925 ప్రాంతంలో మరణించిన ప్రఖ్యాత వైద్యుడు అబూబకర్ అర్రాజీ తన ‘అల్‌హావీ’ గ్రంథంలో మెదడువాపు లక్షణాలు కనిపించిన రోగుల గురించి రాస్తూ, కొందరికి రక్తం తీయించి మరికొందరికి కావాలనే తీయించక ఇద్దరినీ పోల్చి చూసినట్టు చెప్పుకున్నారు. పోల్చనిదే తెలియదని వెయ్యేళ్ల కిందట బగ్దాద్, రై నగరాల వైద్యుడికి తెలుసు. ఆయన మాత్రం రక్తం తీయడమే మేలన్న నిర్ణయానికి వచ్చారు. నేటి వైద్యం దాన్ని ఒప్పుకోదు. ఎవరికి తీయాలో ఎవరికి మానాలో ఆయనే ఎంచుకుంటే, తెలియకుండానే మొగ్గు వచ్చేస్తుంది. ఆ మొగ్గును తీసేయడానికే చీటీ.

జబ్బును ఇచ్చిన అల్లాహ్ దానికి నివారణ కూడా ఇచ్చాడన్న భావం గల హదీసు మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. దాన్ని మందు వెతకమన్న ఆదేశంగా తీసుకోవాలి గానీ, ఎవడో ఒకడు మందని చెప్పినదల్లా మందేనన్న హామీగా కాదు. వైద్యం తెలియనివాడు వైద్యం చేసి హాని కలిగిస్తే ఆ నష్టానికి అతడే బాధ్యుడన్న హదీసు కూడా ఉంది. దాన్ని మనం అంతగా తలచుకోము.

ప్రయోగాలలో పాల్గొనే రోగి హక్కుల గురించి కూడా మన పండితులు మాట్లాడకుండా లేరు. 1992 మేలో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ఏడవ సమావేశం వైద్య చికిత్స మీద ఒక తీర్మానం చేసింది. పరిశోధనకు పూర్తి తెలివిలో ఉన్న వ్యక్తి సమ్మతి ఉండాలనీ, ఖైదీలను బలవంతపెట్టినట్టు గానీ పేదలకు డబ్బు ఆశ చూపినట్టు గానీ ఉండరాదనీ చెప్పింది. తెలివిలో లేనివారి మీద, సంరక్షకులు ఒప్పుకున్నా సరే, పరిశోధన చేయరాదని కూడా చెప్పింది. పేదవాడిని ప్రయోగశాల ఎలుకను చేయకుండా కాపాడే నియమం ఇది. దాని విలువ గల్ఫ్ కార్మికుల కుటుంబాలకు బాగా తెలుసు.

అయితే మెర్స్ రోగి సంగతి చూడండి. ఆయన వెంటిలేటర్ మీద మత్తులో ఉంటాడు. సమ్మతి ఇవ్వలేడు. ఆయన లాంటివారికి ఏ మందు పనిచేస్తుందో తెలియాలంటే ఆయన లాంటివారి మీదనే చూడాలి. నియమాన్ని అక్షరాలా పాటిస్తే అందరికంటె పెద్ద ఆపదలో ఉన్నవారికే ఎన్నటికీ రుజువైన మందు దొరకదు. ఆ లోగా రుజువు కాని మందు మాత్రం చికిత్స పేరుతో ఏ సమ్మతీ లేకుండా ఎక్కుతూనే ఉంటుంది. రిబావిరిన్ విషయంలో జరిగింది అదే కదా! మా అభిప్రాయంలో ఈ ముడిని ఉలమాలు, ఐసీయూ వైద్యులు ఒకచోట కూర్చుని విప్పవలసి ఉంది. కుటుంబం సమ్మతి, స్వతంత్ర నైతిక సంఘం పర్యవేక్షణ, రోగికి తెలివి వచ్చాక తిరిగి అడగడం వంటి షరతులతో దారి ఉండకపోదు. వచ్చే అంటువ్యాధి కోసం ఆగకుండా ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఐసీయూ గుమ్మం దగ్గర ఫత్వా అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

తెలియని స్థితిలో నిర్ణయం తీసుకోవడం మనకు కొత్త కాదు. సిరియా వైపు వెళ్తున్న ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోట ఉండగా ముందు ప్లేగు ఉందన్న కబురు వచ్చింది. ఆయన ముహాజిర్లను అడిగారు, అన్సార్లను అడిగారు. ఇరువర్గాలలోనూ ఏకాభిప్రాయం కుదరలేదు. ఖురైష్ పెద్దలను అడిగి, వారి మాట మీద వెనక్కి మరలాలని నిర్ణయించారు. ప్లేగు ఉన్న ఊరికి పోవద్దనీ, ఉన్న ఊరి నుంచి పారిపోవద్దనీ దైవప్రవక్త (స) చెప్పిన సంగతిని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి వినిపించింది ఆ నిర్ణయం అయిన తర్వాతే. ఈ ఘట్టాన్ని మన ప్రసంగాలలో విధి, తఖ్దీర్ గురించి మాత్రమే చెబుతుంటారు. ఉన్న సమాచారంతో, సంప్రదించి, దాచకుండా అందరి ముందు నిర్ణయం ప్రకటించిన తీరును కూడా చెప్పుకోవాలి. 113 మందిని లెక్కలో మరచిపోయిన పాలకులకు అది ఇంకా బాగా పనికివస్తుంది.

మన ఊళ్లలో జరిగింది

కోవిడ్ కాలంలో మనమేం చేశామో కూడా చూసుకోవాలి. 2020 మార్చిలో హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను ముందు జాగ్రత్తగా వేసుకోవచ్చని వైద్య సిబ్బందికీ, రోగుల ఇంటివారికీ మన దేశంలోనే సిఫారసు వచ్చింది. వెంటనే అవసరం లేనివారు కూడా మందుల షాపుల మీద పడ్డారు. కీళ్లవాతం ఉన్న ఆడవారికి రోజూ వేసుకునే ఆ మాత్ర దొరకకుండా పోయింది. బ్రిటన్ పరీక్షలో ఆ మాత్ర తీసుకున్న ఆస్పత్రి రోగులు 1,561 మందిలో నూటికి 27 మంది, తీసుకోని 3,155 మందిలో 25 మంది మరణించారు. లాభం లేదని తేలిపోయింది.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఒక నాటు వైద్యుడి మందు కోసం వేలాది మంది బారులు తీరారు. మతభేదం లేకుండా అన్ని వర్గాలవారూ వెళ్లారు. ఆక్సిజన్ దొరకని రోజులవి, వెళ్లినవారిని తప్పుపట్టలేం. ఆ నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం కంటిలో వేసే చుక్కలకు ఇవ్వకపోయినా ఆయన మందుల్లో కొన్నింటికి అనుమతి ఇచ్చింది. మందు తిని లేచినవారి కథలు ఊరూరా పాకాయి. తినకుండానే లేచినవారి దగ్గరకు వెళ్లి ఎవరూ అడగలేదు. కోవిడ్ సోకినవారిలో అత్యధికులు ఏ మందూ లేకపోయినా కోలుకునేవారే. నూరు మందిలో తొంభై ఎనిమిది మంది ఎలాగూ లేచే జబ్బులో ఏ మందు ఇచ్చినా తొంభై ఎనిమిది మంది సాక్షులు దొరుకుతారు. మరణాల అసలు లెక్క తెలియకపోతే మందు మహిమకు హద్దు ఉండదని మొదట అన్నది ఇందుకే. ఎవరో తెచ్చిన వార్తను నిర్ధారించుకోకుండా నమ్మి ఇతరులకు హాని చేయవద్దన్న అల్‌హుజురాత్ సూరా ఆదేశం జబ్బుల వార్తలకు వర్తించదని ఎవరూ అనలేదు. అయినా ఆ రోజుల్లో సెల్‌ఫోన్‌లలో చిట్కా వైద్యాలను ముందూ వెనకా చూడకుండా పంపినవారిలో మన మస్జిదు కమిటీలవారూ ఉన్నారు.

ఇక యాత్రికుల విషయం. ఇన్నేళ్లలో హజ్ సమయంలో మెర్స్ పెద్దఎత్తున వ్యాపించిన దాఖలా లేదు. 2014లో మక్కా, మదీనా చూసివచ్చిన ఇద్దరు నెదర్లాండ్స్ వాసులకు సోకడం వంటి విడి సంఘటనలు ఉన్నాయి. ప్రయాణం మానుకోవలసిన పని లేదు. వయసు మళ్లినవారు, షుగరు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఒంటెల శాలల వైపు వెళ్లకూడదు. మరగించని ఒంటె పాలు తాగకూడదు. జియారత్ దారిలో ఒంటె పక్కన నిలబడి ఫోటో దిగే సరదా ఉన్నవారికి ఇది కష్టంగా తోచవచ్చు, కానీ ఆ సరదా లేకపోయినా ఉమ్రా పూర్తవుతుంది.

తిరిగివచ్చిన 14 రోజుల్లోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఇంట్లో సొంత వైద్యం చేసుకోకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. వెళ్లగానే, ఆయన అడగకపోయినా, సౌదీ నుంచి వచ్చామనీ, అక్కడ ఆస్పత్రికి వెళ్లి ఉంటే ఆ సంగతీ, ఒంటెల దగ్గరకు పోయి ఉంటే ఆ సంగతీ ముందుగా చెప్పాలి. ఏడు రోజుల్లోపు మొదలైన చికిత్సకే ఫలితం ఎక్కువని చూశాం కదా. కొరియాకు జబ్బు తెచ్చిన ఆ తొలి రోగికి 2015 మే 11న లక్షణాలు మొదలయ్యాయి. ఆయన ఒక వైద్యశాల తర్వాత మరొకటిగా నాలుగు చోట్లకు తిరిగాడు. గల్ఫ్ ప్రయాణానికీ ఆయన దగ్గుకూ ముడిపెట్టి పరీక్ష చేసి, మెర్స్ అని తేల్చేసరికి మే 20 అయింది. తొమ్మిది రోజులు. ఆ వైద్యశాలల్లోని పక్క మంచాలవారు, వారిని చూడవచ్చినవారు, వారికి సేవ చేసినవారు కలిపి జూలై నాటికి 186 మంది.